మీరడిగారు, మేం చెబుతున్నాం: ప్రవక్త అరబ్బులకేనా, అందరికీనా?

ప్రశ్న: సార్ నమస్తే. నేను ముస్లింని కాదు. కానీ ఖురాన్ తెలుగు అనువాదం ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను. 42:7లో (అంటే 42వ సూరా, 7వ వాక్యం; సూరా అంటే అధ్యాయం) మక్కా వాళ్లనీ దాని చుట్టుపక్కల వాళ్లనీ హెచ్చరించడానికి అరబీ ఖురాన్ పంపామని ఉంది. 14:4లో ఏ ప్రవక్తనైనా అతని జాతి భాషలోనే పంపామని ఉంది. అలాంటప్పుడు ముహమ్మద్ గారు అరబ్బుల కోసం వచ్చిన ప్రవక్త అని ఒప్పుకుంటే సరిపోతుంది కదా, ప్రపంచం మొత్తానికి అని ఎందుకంటారు? మొదట్లో సొంత ఊరి వరకే అనుకుని, తర్వాత బలం పెరిగాక అందరికీ అన్నారేమో అని నా డౌటు. తప్పుగా అడిగుంటే క్షమించండి.

జవాబు: క్షమించడానికి ఏముందండి, మొత్తం చదివి అడిగారు, అది చాలు. చదవకుండా అడిగేవాళ్లకీ చదవకుండా జవాబు చెప్పేవాళ్లకీ మధ్య నలిగిపోతున్నాం మేము.

ముందు ఒక మాట. ఈ డౌటు మీకొక్కరికే వచ్చింది కాదు. దాదాపు 800 ఏళ్ల కిందట సీదోనులో (ఇప్పటి లెబనాన్‌లో ఉంది) పాల్ అనే ఒక క్రైస్తవ బిషప్ ఉండేవాడు, అరబీలోనే రాసేవాడు. ఆయన తన ముస్లిం మిత్రుడికి ఒక పెద్ద ఉత్తరం రాసి అచ్చం మీరు చూపించినలాంటి ఖురాన్ వాక్యాలే ఒక్కొక్కటీ తీసి, మీ ప్రవక్త అరబ్బుల కోసం వచ్చారని మీ పుస్తకమే చెబుతోంది, మేం ఆయన్ని ఏమీ అనం, కానీ మా దగ్గరికి రాలేదు అంతే అన్నాడు. చాలా మర్యాదగా రాసిన ఉత్తరం అది. దాన్నే కొంచెం మార్చి పెంచి సైప్రస్ నుంచి 1316లో డమాస్కస్‌లో ఉన్న ఇబ్నె తైమియా అనే ముస్లిం పండితుడికి పంపారు, ఆయన దానికి జవాబుగా రాసింది కొన్ని సంపుటాలయింది. యూదుల్లో కూడా ఇలా అన్నవాళ్లున్నారు. ఇస్ఫహాన్‌కి చెందిన అబూ ఈసా అనే ఆయన అనుచరులు, ముహమ్మద్ (స - ఆయనపై దైవ శుభాలు, శాంతి కలుగుగాక) నిజమైన ప్రవక్తే గానీ ఆయన జాతికి మాత్రమే అనేవాళ్లు. 12వ శతాబ్దంలో యెమెన్‌లో నతనేల్ అనే యూదు పండితుడు కూడా మీరు చూపించిన 14:4 వాక్యాన్నే పట్టుకుని, దేవుడు ఏ జాతికి ఆ జాతి ప్రవక్తను పంపిస్తాడు అని రాశాడు. అంటే మీ పక్కన పెద్దపెద్దవాళ్లే ఉన్నారు, కంగారుపడకండి.

సరే, విషయానికొద్దాం. మీరు చూపించిన రెండు వాక్యాలూ ఉన్నాయి, నేను కాదనను. 42:7లో "ఉమ్ముల్ ఖురా" అంటే ఊళ్లకు తల్లిలాంటి ఊరు, అంటే మక్కా, "దాని చుట్టూ ఉన్నవాళ్లు" అని ఉంది. మా వ్యాఖ్యాతలు కొందరు ఇక్కడ చుట్టూ అంటే భూమి మొత్తం అని అర్థం చెబుతారు, మక్కా మధ్యలో ఉంది, దాని చుట్టూ ప్రపంచం ఉంది అని. నాకైతే అంత లాగి చెప్పాల్సిన అవసరం కనబడదు. చుట్టుపక్కల అంటే చుట్టుపక్కలే. కాకపోతే అది ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే వాక్యం, ఎక్కడ ఆపాలో చెప్పే వాక్యం కాదు.

ఎలాగంటారా, దీనికంటే చిన్న గిరి గీసిన వాక్యం ఇంకోటుంది చూడండి, 26:214. "నీ దగ్గరి బంధువులను హెచ్చరించు" అని. మీ లెక్కన చూస్తే ఆయన అరబ్బులకు కూడా ప్రవక్త కాదు, ఆయన తెగ ఖురైష్‌లో ఆ నాలుగు కుటుంబాలకే ప్రవక్త అవ్వాలి! అలా ఎవరూ అనరు కదా. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్లే అన్నారు, ముందు ఇంట్లోవాళ్లకి చెప్పు, తర్వాత ఊళ్లోవాళ్లకి, తర్వాత చుట్టుపక్కలకి.

ఈ వాక్యం దిగినప్పుడు ఏం జరిగిందో హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలూ చేతలూ నమోదు చేసిన కథనాల్లో, ఉంది. ఆయన సఫా గుట్ట ఎక్కి, ఓ ఫిహ్ర్ సంతానమా, ఓ అదీ సంతానమా అని ఖురైష్ వంశాల్ని ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలిచారు. శత్రువు వస్తుంటే అలా పిలవడం అక్కడి అలవాటు కాబట్టి అందరూ పరుగెత్తుకొచ్చారు, రాలేనివాళ్లు ఏం జరుగుతోందో చూసి రమ్మని మనిషిని పంపారు. ఈ లోయ వెనకాల గుర్రపు దళం మీ మీద పడబోతోందని చెబితే నమ్ముతారా అని అడిగారు. నమ్ముతాం, నువ్వు అబద్ధం చెప్పగా మేం ఎప్పుడూ చూడలేదు అన్నారు వాళ్లు. అయితే వినండి, కఠినమైన శిక్ష రాబోతోందని హెచ్చరించడానికి వచ్చాను అన్నారు. అప్పుడు సొంత బాబాయి అబూ లహబ్, నీ పాడుగాను, ఇందుకేనా మమ్మల్ని పోగేసింది అని తిట్టి వెళ్లిపోయాడు. మొదలు ఇదీ. మొదటి తిట్టు కూడా సొంత ఇంటి నుంచే.

ఇప్పుడు భాష సంగతి. 14:4లో ఉన్నదేంటంటే, ఏ ప్రవక్త అయినా తన జాతి భాషలోనే మాట్లాడాడు, ఎందుకంటే వాళ్లకి విషయం విడమర్చి చెప్పడానికి. అంతే ఉంది. ఆ భాష రానివాళ్లకి అది వర్తించదు అని లేదు. ఏదో ఒక భాష లేకుండా పుస్తకం ఎలా ఉంటుందండి? గ్రీకులో దిగితే గ్రీకులకేనా అని అడిగేవాళ్లం, సంస్కృతంలో దిగితే ఇంకేదో అడిగేవాళ్లం. ఖురాన్ కూడా ఈ గొడవ ముందే ఊహించినట్టు 41:44లో అంటుంది, దీన్ని పరాయి భాషలో పంపి ఉంటే, ఇదేంటి, పుస్తకం పరాయి భాషలో, వినేవాడు అరబ్బూనా అని వీళ్లే అనేవాళ్లు అని.

ఇంక మీ మూడో పాయింట్, బలం పెరిగాక మాట మార్చారేమో అన్నది. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో గట్టి ప్రశ్న ఇదే. దీనికి జవాబు వాదించి చెప్పేది కాదు, ఏ వాక్యం ఎప్పుడు దిగిందో చూస్తే తెలిసిపోతుంది. "ఓ మానవులారా, నేను మీ అందరి వైపు పంపబడ్డ దైవప్రవక్తను" అన్నది 7:158. "మేము నిన్ను సమస్త మానవులకు శుభవార్త ఇచ్చేవాడిగా, హెచ్చరించేవాడిగా మాత్రమే పంపాం" అన్నది 34:28. "సర్వలోకాలకు కారుణ్యం" అన్నది 21:107, "సర్వలోకాలకు హెచ్చరిక చేసేవాడు" అన్నది 25:1. ఈ నాలుగు సూరాలూ మక్కీ సూరాలే, అంటే 622లో మదీనాకు వలస వెళ్లకముందు దిగినవే. అప్పుడు ఆయన దగ్గర ఏం బలం ఉందండి? సైన్యం లేదు, రాజ్యం లేదు, సొంత ఊళ్లో నడిచి వెళ్తుంటే అవమానాలు, అనుచరుల్లో కొందరు దెబ్బలు తట్టుకోలేక సముద్రం దాటి హబషా దేశం (ఇథియోపియా ప్రాంతం) వెళ్లి తలదాచుకున్నారు. అంతెందుకు, ఖురాన్‌లో బాగా మొదట్లో దిగిన సూరాల్లో లెక్కపెట్టే 81వ సూరాలోనూ 68వ సూరాలోనూ "ఇది సర్వలోకాలకు ఒక హితబోధ" అనే ఉంది. ఇంకో విచిత్రం, మీరు చూపించిన 42:7, 14:4 కూడా మక్కీ సూరాల్లోవే. అంటే అందరికీ అన్న మాట, మక్కా చుట్టుపక్కల అన్న మాట రెండూ ఒకే కాలంలో పక్కపక్కనే నడిచాయి. ముందు ఒకటి అనుకుని తర్వాత పెద్దది చేశారు అనడానికి ఇక్కడ చోటు లేదు. మీరు ఆయన చెప్పింది నమ్మకపోవచ్చు, అది మీ ఇష్టం, కానీ ఆయన ఏం చెప్పారన్నది మాత్రం ఇదీ.

హదీసుల్లో చూస్తే, నాకంటే ముందు ఎవరికీ ఇవ్వని 5 విషయాలు నాకిచ్చారు అని ఆయన చెప్పిన మాట జాబిర్ అనే సహచరుడు చెప్పగా బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. అందులో ఒకటి ఇదే, ముందు ప్రవక్తలు తమ తమ జాతికి మాత్రమే వచ్చేవాళ్లు, నేను మానవులందరికీ వచ్చాను అని. అందరూ ఈ ఒక్కటే చెబుతారు గానీ అదే హదీసులో ఇంకోటుంది, భూమి మొత్తం నాకు మసీదుగా చేశారు, నమాజు వేళ అయితే ఎక్కడున్నవాడు అక్కడే చదువుకోవచ్చు అని. నాకు ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉండటం ఊరికే కాదనిపిస్తుంది. అందరికీ అన్నాక ఫలానా గుడికొస్తేనే కుదురుతుంది అనకూడదు కదా.

ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. 628 ప్రాంతంలో మక్కా వాళ్లతో హుదైబియా ఒప్పందం కుదిరి కాస్త ఊపిరి పీల్చుకున్నాక ఆయన చుట్టుపక్కల రాజులకి ఉత్తరాలు పంపారు, రోమన్ చక్రవర్తి హెరాక్లియస్‌కి, పర్షియా ఖుస్రోకి, ఈజిప్టు పాలకుడికి, హబషా రాజుకి. పంపేముందు ఎవరో చెప్పారు, ఆ రాజులు ముద్ర లేని ఉత్తరం చదవరండీ అని. అప్పుడు వెండి ఉంగరం చేయించారు, దాని మీద మూడు వరసల్లో మూడు పదాలు, ముహమ్మద్ ఒక వరస, రసూల్ ఒక వరస, అల్లాహ్ ఒక వరస. అవతలివాడి పద్ధతి ఏదైతే ఆ పద్ధతిలోనే వెళ్లారు చూడండి, నా ఉత్తరం నేనెలా రాస్తే అలా చదువు అనలేదు. ఆ ఉంగరం తర్వాత ముగ్గురు ఖలీఫాల (ఆయన తర్వాతి పాలకుల) చేతులు మారి, మూడో ఖలీఫా ఉస్మాన్ (ర) దగ్గరున్నప్పుడు అరీస్ అనే బావిలో పడిపోయింది, మూడు రోజులు వెతికి బావి తోడించినా దొరకలేదు. ఈ ఉత్తరాలు ఇప్పుడు మనకు దొరుకుతున్న రూపంలో అప్పుడు నిజంగా వెళ్లాయా అని పాశ్చాత్య చరిత్రకారులు కొందరు అనుమానపడతారు, అందుకే నేను నా వాదన మొత్తం ఉత్తరాల మీద నిలబెట్టలేదు, ముందు ఖురాన్ వాక్యాలు చెప్పి తర్వాత వీటి దగ్గరికొచ్చాను.

చివరగా నా దృష్టిలో అసలు తాళంచెవి 6:19. "దీని ద్వారా మిమ్మల్నీ, ఇది ఎవరెవరికి చేరితే వాళ్లనీ హెచ్చరించడానికి" అని ఉంది. అరబీలో అది చిన్న మాట, "వ మన్ బలగ్", చేరినవాడు అని. హద్దు గీయడమంటూ ఉంటే ఇదే హద్దు. రక్తం కాదు, రంగు కాదు, భాష కాదు. ఎంతవరకు చేరితే అంతవరకు. హబషా మనిషి బిలాల్‌కి చేరింది, పర్షియా నుంచి వెతుక్కుంటూ వచ్చిన సల్మాన్‌కి చేరింది, రోమన్ల దగ్గర పెరిగిన సుహైబ్‌కి చేరింది, వీళ్లు ముగ్గురూ ఆయన పక్కనే కూర్చున్నవాళ్లు. 630లో మక్కా చేతికొచ్చిన రోజు, పెద్ద పెద్ద ఖురైష్ నాయకులు కింద నిలబడి చూస్తుంటే కాబా పైకెక్కి అజాన్ (నమాజు పిలుపు) ఇచ్చింది నిన్నమొన్నటిదాకా బానిసగా ఉన్న బిలాల్. అది చూసి కొందరు నాయకులకి లోపల మండిందట, మండదూ మరి.

ప్రశ్న: అస్సలాము అలైకుం భాయ్. నా క్రైస్తవ మిత్రుడొకడితో డిస్కషన్ జరిగింది. నేను మత్తయి 15:24 చూపించి, "ఇశ్రాయేలు ఇంటివారైన నశించిన గొర్రెల కోసమే పంపబడ్డాను" అని ఏసే చెప్పాడు, మరి మీరెందుకు ఫాలో అవుతున్నారు అని అడిగేశాను. వాడికి కోపం వచ్చి వారం నుంచి మాట్లాడట్లేదు. నేను చెప్పింది కరెక్టే కదా?

జవాబు: వ అలైకుముస్సలాం తమ్ముడూ. కరెక్టు కాదు. పైన మొదటి ప్రశ్న అడిగినాయన 42:7 చూపించి 34:28 వదిలేస్తే మనకెలా ఉంటుంది? నువ్వు చేసింది కూడా అదే పని. అదే మత్తయి చివర 28:19లో, వెళ్లి సమస్త జనాలను శిష్యులుగా చేయండి అని ఉంది, అది ఎందుకు చూపించలేదు? ఒకరి పుస్తకంలోంచి మనకు పనికొచ్చే ఒక్క ముక్క కోసుకుని వాళ్ల ముఖం మీద కొట్టడం ఎవరు చేసినా ఒకటే.

పోనీ ఆ 15:24 చుట్టూ ఉన్న కథ అయినా చదివావా? కనాను స్త్రీ ఒకామె, అంటే ఇశ్రాయేలు జాతి కాని మనిషి, నా కూతురికి బాగోలేదు కాపాడమని వెంటపడుతుంది. ముందు ఆయన పలకడు, తర్వాత నువ్వు చెప్పిన ఆ మాట అంటాడు, పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకు వేయడం తగదు అంటాడు. ఆమె వెనక్కి తగ్గదు, నిజమే ప్రభువా, కానీ యజమానుల బల్ల మీంచి పడే ముక్కలు కుక్కపిల్లలు తింటాయి కదా అంటుంది. అమ్మా నీ విశ్వాసం గొప్పది అని కూతురికి నయం చేస్తాడు. అంటే ఆ కథ ఎక్కడ మొదలై ఎక్కడ తేలింది? నువ్వు మధ్యలోంచి ఒక్క లైను పట్టుకొచ్చావు.

వాళ్లలో వాళ్లకి కూడా ఈ విషయం అంత తేలిగ్గా తెగలేదులే. పేతురు, కొర్నేలీ అనే రోమన్ శతాధిపతి ఇంటికి వెళ్లాడని సొంతవాళ్లే నిలదీశారు, అపొస్తలుల కార్యములు 10, 11 అధ్యాయాల్లో ఉంది. అన్యజనులు సున్నతి చేయించుకోవాలా వద్దా అని దాదాపు క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్ద సమావేశమే పెట్టుకుని వాదించుకున్నారు. పౌలు గలతీయులకు రాస్తూ, సున్నతి ఉన్నవాళ్ల బాధ్యత పేతురుది, లేనివాళ్ల బాధ్యత నాది అన్నాడు. మనవైపు నుంచి చూస్తే ఈసా (అలైహి), అంటే ఏసు, ఇస్రాయీల్ సంతతికి వచ్చారని 3:49, 61:6 వాక్యాల్లో ఉంది, అది మన నమ్మకం, దాన్ని మన నమ్మకంగా చెప్పు, తప్పులేదు. వాళ్ల పుస్తకంతో వాళ్లని ఇరికించబోకు.

ఇంకో చిన్న విషయం, ఒక జాతికి వచ్చినవాడు అంటే పక్కవాడితో మాట్లాడకూడదని కాదు. మూసా (అలైహి), అంటే మోషే, ఇస్రాయీల్ సంతతికి వచ్చారంటాం, కానీ ఆయన్ని పంపింది ఈజిప్టు రాజు ఫిరౌన్ (ఫరో) దర్బారుకి, అక్కడ విశ్వసించింది ఈజిప్టు మాంత్రికులు. బైబిల్లో యోనా ఇశ్రాయేలువాడే, వెళ్లింది మాత్రం శత్రుదేశపు పట్నం నీనెవెకి. ముందు నీ ఫ్రెండుకి ఫోన్ చేసి సారీ చెప్పు, వాదన తర్వాత.

ప్రశ్న: అందరి కోసం వచ్చిన ప్రవక్త అంటున్నారు, మరి ఆయన పేరే వినకుండా పుట్టి పోయినవాళ్లు కోట్లమంది ఉంటారు. వాళ్లంతా నరకానికేనా? ఇది ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు అన్నయ్యా.

జవాబు: చెల్లెమ్మా, నిద్రపో. 17:15లో స్పష్టంగా ఉంది, "ప్రవక్తను పంపనంతవరకు మేము శిక్షించం" అని. ఇందాక చెప్పాను కదా, చేరినవాడికే బాధ్యత. ఆయనకు ముందు కూడా ఏ జాతినీ వదిలేయలేదని 35:24లో ఉంది, హెచ్చరించేవాడు రాని జాతి లేదు అని. వాళ్లలో కొందరి సంగతే నీకు చెప్పాం, కొందరి సంగతి చెప్పలేదు అని 4:164లో ఉంది. అందుకే ఖురాన్‌లో పేరు లేని ఏ పూర్వపు మహనీయుడి గురించైనా అవునని గానీ కాదని గానీ ఖచ్చితంగా మాట్లాడకపోవడం మంచిదని మా పెద్దలంటారు.

దీని గురించి బాగా లోతుగా ఆలోచించినాయన ఇమామ్ గజాలీ, 1111లో పోయారు. ఆయన జనాన్ని మూడు రకాలుగా విడదీశారు. అసలు పేరే విననివాళ్లు, వాళ్లకి మినహాయింపు. విని, ఆయన గుణం తెలిసి, నిదర్శనాలు చూసి కూడా మొండిగా తోసేసినవాళ్లు, వాళ్ల సంగతి వేరు. ఈ ఇద్దరి మధ్య మూడోవాళ్లున్నారు చూడు, గజాలీ గొప్పతనమంతా అక్కడుంది. చిన్నప్పటి నుంచీ ముహమ్మద్ అనే ఒక మోసగాడు ప్రవక్తనని చెప్పుకున్నాడట అనే మాట ఒక్కటే విని పెరిగినవాళ్లు. పేరు వాళ్లకి చేరింది కానీ మనిషి చేరలేదు. వాళ్లు కూడా విననివాళ్ల లెక్కలోకే వస్తారు అన్నారాయన. ఇప్పుడు ఇంకోవైపు నుంచి ఆలోచించు, మన మాటలు, మన ప్రవర్తన చూసి ఆయన్ని తప్పుగా అర్థం చేసుకున్నవాడు ఏ లెక్కలోకి వస్తాడు, ఆ లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది? నాకు నిద్ర పట్టనిది అక్కడ.

ప్రశ్న: సందేశం అందరికీ అయితే ఇస్లాంలోకి వచ్చినవాళ్లు అరబ్బు పేరు ఎందుకు పెట్టుకోవాలి? అరబీలోనే ఎందుకు ప్రార్థించాలి?

జవాబు: నమాజులో ఖురాన్ చదివేది అరబీలోనే, ఎక్కువమంది పండితుల మాట అదే. ఇమామ్ అబూ హనీఫా ఒక దశలో పర్షియన్‌లో చదివినా చెల్లుతుందన్నారు, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నారని చెబుతారు. దుఆ (మనసులోని వేడుకోలు) మాత్రం మీ సొంత భాషలో హాయిగా చేసుకోండి.

పేరు మార్చుకోవాలనే రూలు లేదు. ప్రవక్త (స) కొందరి పేర్లు మార్చారు నిజమే, కానీ అవి అరబీ పేర్లే, అర్థం బాగోలేదని మార్చారు. ఆసియా అంటే మాట విననిది అని అర్థం వచ్చే పేరున్న ఆమెకి జమీలా అని పెట్టారు (ఫిరౌన్ భార్య ఆసియా పేరు వేరు, అరబీలో అక్షరాలే వేరు, కంగారుపడకండి). ఇంకొకాయన వచ్చాడు, పేరు హజ్న్, అంటే గరుకు నేల. నీ పేరు సహ్ల్ అని పెట్టుకో, మెత్తటి నేల అన్నారు ప్రవక్త. మా నాన్న పెట్టిన పేరు నేను మార్చుకోనన్నాడాయన! ఆయన్నేమీ అనలేదు, బలవంతపెట్టలేదు, అదే పేరుతో ఉండిపోయాడు. తర్వాత ఆయన మనవడు సయీద్ బిన్ ముసయ్యిబ్ పెద్ద పండితుడయ్యి, తాత కథ తనే చెబుతూ, ఆ రోజు నుంచి మా ఇంట్లో గరుకుతనం పోలేదు అనేవాడట.